అమ్మ జీవితకాలం – ఆమె తదనంతరం



మన పల్లెల్లో వ్రాసే వీలునామాల్లో తరచుగా రెండు వాక్యాలు కనిపిస్తాయి. "నా తదనంతరం ఈ ఆస్తిని నా భార్య యావజ్జీవం అనుభవించవలెను. ఆమె తదనంతరం నా పిల్లలకు చెందవలెను." వ్రాయించిన తండ్రి ఉద్దేశం మంచిదే. ముసలితనంలో భార్య ఒకరి ముందు చెయ్యి చాచకూడదు, పొలం మాత్రం చివరకు పిల్లలకే చేరాలి అన్నది ఆయన కోరిక.

అయితే ఆయన కన్నుమూశాక ఈ రెండు వాక్యాల చుట్టూనే తగవులు లేస్తాయి. వైద్యానికి డబ్బు లేకపోతే అమ్మ పొలం అమ్ముకోవచ్చా? అమ్మ బ్రతికుండగానే కొడుకు తన వాటా తాకట్టు పెట్టవచ్చా? అన్నిటికంటే బాధాకరమైన ప్రశ్న ఇది: పెద్దకొడుకు తల్లికంటే ముందే చనిపోతే, అతని భార్యాబిడ్డలకు ఏమైనా దక్కుతుందా, లేక వట్టి చేతులతో పుట్టింటికి వెళ్ళవలసిందేనా? జవాబు ఆ వీలునామాలోని ఒకటి రెండు మాటల మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ నెల ఆ మాటల సంగతి తెలుసుకుందాం.

ఒకే పొలం, రెండు హక్కులు

పొలం ఒక్కటే అయినా దాని మీద హక్కును కాలాన్ని బట్టి విడదీయవచ్చు. ఈ రోజు నుండి ఒకరు బ్రతికున్నంత వరకు ఒక హక్కు, ఆ తరువాతి కాలానికి మరొక హక్కు. మొదటిదాన్ని జీవితకాల హక్కు అంటారు. కోర్టుల్లో, దస్తావేజుల్లో 'లైఫ్ ఇంటరెస్టు' అన్న మాటే వినిపిస్తుంది. రెండవది ఆ జీవితం ముగిశాక స్వాధీనానికి వచ్చే హక్కు. దాన్ని వకీళ్ళు 'రిమైండర్' అంటారు. మనం తదనంతర హక్కు అనుకుందాం.

ఈ ఆలోచన బైబిలు చదివేవారికి కొత్త కాదు. లేవీయకాండము 25వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు భూమిని శాశ్వతంగా అమ్మకూడదని దేవుడు ఆజ్ఞాపించాడు. భూమి ఆయనది, వారు ఆయన యొద్ద కాపురమున్నవారు. ఎవరైనా పేదరికంలో పొలం అమ్మితే, సునాద సంవత్సరం వరకు మిగిలిన పంటల లెక్కన వెల కట్టాలి. ఆ సంవత్సరం రాగానే పొలం తిరిగి ఆ కుటుంబానికి చేరుతుంది. కొన్నవాడు కొన్నది కొన్ని ఏళ్ళ పంటనే గాని నేలను కాదు. అనుభవం ఒకరిది, తిరిగి వచ్చే హక్కు మరొకరిది.

గలతీయులకు వ్రాసిన పత్రిక 4వ అధ్యాయం ఆరంభంలో పౌలు ఇంకొక పోలిక చెబుతాడు. వారసుడు అన్నిటికీ కర్తయైనా, బాలుడుగా ఉన్నంత కాలం తండ్రి నిర్ణయించిన దినము వరకు సంరక్షకుల అధీనంలో ఉంటాడు. హక్కు అతనిదే, చేతికి మాత్రం ఇంకా రాలేదు. హక్కు ఉండడం వేరు, స్వాధీనం రావడం వేరు. ఈ భేదం మనసులో పెట్టుకుంటే మిగతాది సులువుగా అర్థమవుతుంది.

అమ్మ ఏమి చేయవచ్చు, ఏమి చేయకూడదు?

జీవితకాల హక్కు ఉన్న తల్లి పొలంలో తానే సేద్యం చేయించుకోవచ్చు. కౌలుకు ఇచ్చి కౌలు డబ్బు తీసుకోవచ్చు. ఇంట్లో కాపురముండవచ్చు, అద్దెకిచ్చి అద్దె వాడుకోవచ్చు. ఫలసాయం అంతా ఆమెదే. "మా పొలం పంట మాకు ఇవ్వు" అని పిల్లలు అడగడానికి వీలులేదు. ఆమెను ఇంట్లోనుండి వెళ్ళగొట్టే అధికారం ఏ కొడుక్కీ లేదు. ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉంది. తండ్రి ఆస్తి తమకే వ్రాసి ఉంది కదా అని తల్లిని వాకిట్లోకి నెట్టే కొడుకులు క్రైస్తవ కుటుంబాల్లోనూ ఉన్నారు.

అలాగే ఆమె చేయకూడనివీ ఉన్నాయి. పన్నులు కట్టకుండా వదిలేయకూడదు. ఆస్తి విలువ శాశ్వతంగా దెబ్బతినే పని చేయకూడదు. పై మట్టిని ఇటుక బట్టీలకు తవ్వి అమ్మేస్తే పిల్లలు కోర్టుకు వెళ్ళి ఆపించవచ్చు. వీలునామా అధికారం ఇస్తే తప్ప ఆమె పొలాన్ని పూర్తి హక్కులతో అమ్మలేదు. అమ్మినా కొన్నవానికి దక్కేది ఆమె బ్రతికున్నన్నాళ్ళ అనుభవమే. ఆమె ఇచ్చిన కౌలు కూడా సాధారణంగా ఆమెతోనే ముగుస్తుంది.

ఇక్కడ చాలామంది మోసపోతారు. పట్టాదారు పాసుపుస్తకంలో అమ్మ పేరు ఉంది కదా అని కొనేస్తారు. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన జీవితకాల హక్కు పూర్తి హక్కుగా మారదు. ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టులో వీలునామా కనిపించదు కూడా. కాబట్టి పొలం కొనేవారు "ఈ ఆస్తి మీకు ఎలా వచ్చింది?" అని అడిగి, వీలునామా ఉంటే దాని నకలు చదివించుకోవాలి. తల్లి అమ్మేసినా పిల్లల హక్కు పోదు. కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం, తదనంతర హక్కుదారులు స్వాధీనం కోసం దావా వేయడానికి ఉండే 12 ఏళ్ళ గడువు తల్లి మరణించిన నాటి నుండే లెక్కకు వస్తుంది. ఇరవై ఏళ్ళ క్రితం కొన్న పొలం మీద ఇప్పుడు దావా పడిందని ఆశ్చర్యపోయేవారికి కారణం ఇదే.

నిజంగా అవసరం వచ్చి అందరూ ఇష్టపడితే, తల్లీ పిల్లలూ కలిసి ఒకే దస్తావేజులో సంతకాలు చేసి అమ్మవచ్చు. పిల్లలందరూ మేజర్లయి, వారి హక్కు స్థిరపడినదై ఉంటే రెండు హక్కులూ కలిసి కొన్నవానికి పూర్తి హక్కు వస్తుంది. మైనరు పిల్లల వాటా ఉంటే మాత్రం ముందు వకీలును అడగకుండా అడుగు వేయవద్దు.

ముందే చనిపోయిన కొడుకు సంగతి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒక తండ్రికి 3 ఎకరాలు ఉన్నాయనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. ఆయన పైన చెప్పినట్టే వీలునామా వ్రాసి చనిపోయాడు. నాలుగేళ్ళ తరువాత పెద్దకొడుకు ప్రమాదంలో పోయాడు. అతనికి భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. తల్లి ఇంకా బ్రతికే ఉంది. ఆమె పోయాక ఆ 3 ఎకరాలు ఎవరికి?

"ఉన్నవాళ్ళం ఇద్దరమే, చెరొక ఎకరంన్నర" అని చిన్నకొడుకు అంటాడు. ఊరి పెద్దలు కూడా అదే న్యాయమనుకోవచ్చు. చట్టం అలా అనదు. భారత వారసత్వ చట్టం, 1925, 119వ సెక్షన్ ప్రకారం, వీలునామాలో వేరే ఉద్దేశం కనిపించకపోతే, స్వాధీనం తరువాత రావలసి ఉన్నా హక్కు మాత్రం వీలునామా వ్రాసినవాడు మరణించిన రోజునే స్థిరపడుతుంది. తండ్రి చనిపోయిన రోజునే పెద్దకొడుకుకు తన ఎకరం మీద హక్కు వచ్చేసింది. అమ్మ జీవితకాలం ముగిసే వరకు ఆగవలసినది స్వాధీనం కోసమే. అతను పోతే ఆ హక్కు అతని వారసులకు వెళుతుంది.

అతను వీలునామా వ్రాయకుండా పోయాడు కాబట్టి అదే చట్టం 33వ సెక్షన్ ప్రకారం అతని భార్యకు మూడవ వంతు, పిల్లలకు మిగిలిన రెండు వంతులు. అంటే ఆ ఎకరంలో కోడలికి సుమారు 33 సెంట్లు, ఇద్దరు పిల్లలకు కలిపి సుమారు 67 సెంట్లు. పిల్లలు లేకుండా పోయి ఉంటే భార్యకు సగం, మిగతా సగం అతని దగ్గరి బంధువులకు చేరేది. ఏ విధంగా చూసినా ఆ కోడలు వట్టి చేతులతో వెళ్ళవలసిన పని లేదు.

అయితే అదే వీలునామాలో రెండు మాటలు అదనంగా ఉన్నాయనుకోండి. "ఆమె తదనంతరం అప్పటికి బ్రతికియున్న నా పిల్లలకు చెందవలెను." 'అప్పటికి బ్రతికియున్న' అనగానే అంతా మారిపోయింది. ఇప్పుడు పిల్లల హక్కు ఒక షరతు మీద వ్రేలాడుతోంది. తల్లి పోయేనాటికి బ్రతికి ఉండాలి. ఉంటారో లేదో ఎవరికీ తెలియదు. చట్టంలో దీన్ని షరతుకు లోబడిన హక్కు అంటారు. తల్లికంటే ముందు పోయిన కొడుకు ఆ షరతు నెరవేర్చలేదు కాబట్టి అతని భార్యాబిడ్డలకు ఆ పొలంలో సెంటు కూడా రాదు.

తండ్రి ఇది కోరుకున్నాడా? చాలాసార్లు కాదు. వ్రాసినవారు ఏదో పాత కాగితం చూసి ఆ మాట దించేసి ఉంటారు. తండ్రి చదివించుకొని వేలిముద్ర వేసి ఉంటాడు. ఆ రోజు కొడుకులందరూ ఆరోగ్యంగా కళ్ళముందే తిరుగుతున్నారు కాబట్టి ఆ మాట ఎవరికీ బరువుగా తోచలేదు. దాని బరువు పదేళ్ళ తరువాత ఒక విధవరాలి మీద పడుతుంది.

కొడుకు తండ్రికంటేనే ముందు పోతే? వీలునామాలో పేరున్నవాడు వ్రాసినవానికంటే ముందు మరణిస్తే మామూలుగా ఆ భాగం రద్దవుతుంది. కాని అతను వ్రాసినవాని సొంత బిడ్డ అయి, అతని పిల్లలు బ్రతికి ఉంటే, వీలునామాలో వేరే విధంగా వ్రాసి ఉండకపోతే, 109వ సెక్షన్ ఆ భాగాన్ని కాపాడుతుంది. అతను తండ్రి తరువాత చనిపోయినట్టుగానే లెక్క.

'కొడుకులకు' అని వ్రాశారా, 'పిల్లలకు' అని వ్రాశారా?

'నా కుమారులకు' అంటే కూతుళ్ళకు లేదు. 'నా పిల్లలకు' అంటే కూతుళ్ళూ వచ్చారు. వీలునామా లేకపోతే మన చట్టంలో కొడుకుకూ కూతురుకూ సమాన భాగమే. పెండ్లి చేసి పంపించాం, కట్నం ఇచ్చాం అన్న కారణంతో చట్టం ఆమె భాగం తగ్గించదు. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు నిలబడి తమ తండ్రి స్వాస్థ్యం అడిగినప్పుడు, వారు చెప్పినది యుక్తమని దేవుడే తీర్పు ఇచ్చాడు. వీలునామా వ్రాసే ప్రతి తండ్రీ ఆ అధ్యాయం ఒకసారి చదివి కలం పట్టుకుంటే మంచిది.

మరొక సంగతి. క్రైస్తవ కుటుంబాల్లో తండ్రి ఆస్తి మీద బిడ్డకు పుట్టుకతో వచ్చే హక్కు లేదు. తండ్రి బ్రతికి ఉన్నంత కాలం కొడుక్కి ఉన్నది ఆశ మాత్రమే. ఆ ఆశను అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి ఆస్తి బదిలీ చట్టం, 1882 ఒప్పుకోదు. తండ్రి పోయాక, షరతు లేకుండా వచ్చిన తదనంతర హక్కు మాత్రం నిజమైన ఆస్తి. దాన్ని కొడుకు అమ్ముకోవచ్చు, అయితే కొన్నవాడు తల్లి జీవితకాలం ముగిసే వరకు ఆగాలి.

భార్యకు జీవితకాల హక్కే ఎందుకు?

వీలునామా లేకుండా భర్త పోతే, పిల్లలున్న క్రైస్తవ భార్యకు ఆస్తిలో మూడవ వంతు పూర్తి హక్కుతో వస్తుంది. 3 ఎకరాల్లో ఒక ఎకరం ఆమెది. అమ్ముకోవచ్చు, కూతురికి ఇవ్వవచ్చు, ఎవరినీ అడగనక్కరలేదు. జీవితకాల హక్కు వ్రాసినప్పుడు 3 ఎకరాల పంటా ఆమెదే, కాని ఒక్క సెంటు కూడా అమ్ముకునే అధికారం లేదు. ఆమె ఆసుపత్రిలో ఉండి, కొడుకులు సంతకం పెట్టకపోతే, పేరుకు 3 ఎకరాలున్నా చేతిలో పైసా ఉండదు. ఈ రెంటిలో ఏది మేలో ప్రతి భర్తా భార్యతో కూర్చుని ఆలోచించాలి. ఇల్లూ ఒక ఎకరమూ ఆమెకు పూర్తి హక్కుతో వ్రాసి, మిగిలిన పొలం జీవితకాల హక్కుగా వ్రాయడం ఒక మంచి మార్గం.

కేరళలోని తిరువాంకూరు ప్రాంతంలో 1916 నాటి క్రైస్తవ వారసత్వ చట్టం ఒకటి ఉండేది. దాని ప్రకారం విధవరాలికి స్థిరాస్తిలో వచ్చేది జీవితకాల హక్కే. మళ్ళీ పెండ్లి చేసుకుంటే అదీ పోయేది. కూతురుకు కొడుకు భాగంలో నాలుగవ వంతు లేదా 5,000 రూపాయలు, రెంటిలో ఏది తక్కువైతే అది. మేరీ రాయ్ అనే క్రైస్తవ స్త్రీ దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1986లో తీర్పు వచ్చింది. 1951 నుండే అక్కడి క్రైస్తవులకు కూడా 1925 నాటి భారత వారసత్వ చట్టమే వర్తిస్తుందని కోర్టు చెప్పింది. ఒక ప్రాంతమంతటా చట్టమే విధవరాలిని అలా పరిమితం చేస్తే, దాన్ని తొలగించడానికి అంత పోరాటం కావలసివచ్చింది. అదే పరిమితిని మనం మన చేతులతో మన భార్యలకు వ్రాసేముందు ఒక్క క్షణం ఆగాలి.

పొరుగింటివారి చట్టం వేరు

"జీవితకాలమే అని వ్రాసినా ఆడవారికి పూర్తి హక్కు అయిపోతుందట" అని పల్లెల్లో అనుకుంటారు. ఇది పూర్తిగా వట్టి మాట కాదు, కాని మనకు వర్తించేది కాదు. హిందూ వారసత్వ చట్టం, 1956లో 14వ సెక్షన్ ఉంది. మన ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లో తీర్పు చెబుతూ, మనోవర్తి హక్కుకు బదులుగా హిందూ స్త్రీకి ఇచ్చిన పరిమిత హక్కు పూర్తి హక్కుగా మారుతుందని తేల్చింది. ఆ సెక్షన్ హిందూ స్త్రీల ఆస్తికి సంబంధించినది. క్రైస్తవులకు వర్తించే చట్టంలో అటువంటి సెక్షన్ లేదు. క్రైస్తవ స్త్రీకి జీవితకాల హక్కు అని వ్రాస్తే అది జీవితకాల హక్కుగానే ఉంటుంది. కుటుంబం మందిరంలో ఒకలా, రికార్డుల్లో మరొకలా ఉన్నచోట ఏ చట్టం వర్తిస్తుందన్న ప్రశ్నే పెద్ద తగవు అవుతుంది. అలాంటివారు బ్రతికుండగానే వకీలును కలిసి స్పష్టం చేసుకోవాలి.

ఎన్ని తరాల వరకు కట్టి ఉంచవచ్చు?

"నా మునిమనుమల వరకు ఈ పొలం ఎవరూ అమ్మరాదు, అందరూ అనుభవించవలెను" అని వ్రాయించేవారు ఉన్నారు. పొలం మీద మమకారం అర్థమవుతుంది. చట్టం దీనికి హద్దు పెట్టింది. ఇంకా పుట్టని మనుమడికి ఆస్తి ఇవ్వవచ్చు, కాని అతనికి వట్టి జీవితకాల హక్కు ఇస్తే చెల్లదు. మిగిలిన హక్కంతా పూర్తిగా ఇవ్వాలి. అలా ఇచ్చినా అది స్థిరపడడానికి గడువుంది. వ్రాసినవాడు మరణించేనాటికి బ్రతికి ఉన్నవారి జీవితకాలం, ఆ కాలం ముగిసేనాటికి ఉన్న బిడ్డ మైనారిటీ తీరే వరకు, అంతే. భార్యకు జీవితకాలం, తరువాత కొడుక్కి జీవితకాలం, తరువాత పుట్టబోయే మనుమడికి పూర్తి హక్కు అంటే చెల్లుతుంది. ఆ మనుమడికి కూడా జీవితకాలమే, తరువాత అతని కొడుక్కి అంటే చెల్లదు. చనిపోయినవారి చెయ్యి బ్రతికున్నవారి పొలం మీద ఎల్లకాలం ఉండకూడదన్నది దీని భావం.

వీలునామానా, సెటిల్మెంటా?

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 9వ అధ్యాయంలో, మరణశాసనం వ్రాసినవాడు మరణించాకనే అది చెల్లుతుందన్న మాట ఉంది. మన చట్టమూ అంతే. వీలునామాను బ్రతికుండగా ఎన్నిసార్లయినా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. దానికి రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. సెటిల్మెంటు దస్తావేజు అలా కాదు. అది రిజిస్టరు కావాలి. "నీకు ఈ రోజే హక్కు ఇచ్చాను, మేమిద్దరం బ్రతికున్నంత కాలం అనుభవించి, మా తదనంతరం నీవు స్వాధీనం తీసుకో" అని వ్రాసి, కొడుకు అంగీకరించాక, మనసు మారినా మామూలుగా వెనక్కి తీసుకోలేము. కాగితం పైన ఏ పేరు పెట్టారన్నది కోర్టు చూడదు, హక్కు ఎప్పుడు ఇచ్చారన్నది చూస్తుంది.

లూకా 15వ అధ్యాయంలో తండ్రి బ్రతికుండగానే ఆస్తి పంచి ఇచ్చాడు. చిన్నవాడు తన పాలు తీసుకుని దూరదేశం వెళ్ళి అంతా పాడుచేశాడు. తిరిగి రావడానికి తండ్రి ఇల్లు ఇంకా మిగిలి ఉంది కాబట్టి బ్రతికాడు. ఇల్లు కూడా వ్రాసి ఇచ్చేసిన తల్లిదండ్రులు ఎక్కడికి వెళతారు? సెటిల్మెంటు వ్రాసేవారు తమ జీవితకాల హక్కును తప్పక ఉంచుకోవాలి. తమను పోషించాలన్న షరతును కూడా స్పష్టంగా వ్రాయించాలి. 60 ఏళ్ళు నిండినవారు అటువంటి షరతుతో ఆస్తి ఇచ్చి, పిల్లలు చూడకపోతే, తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టం, 2007, 23వ సెక్షన్ క్రింద ట్రిబ్యునలుకు వెళ్ళి ఆ దస్తావేజును రద్దు చేయమని అడగవచ్చు.

సంఘానికి ఇవ్వదలచినవారు

"నా భార్య తదనంతరం ఈ స్థలం మందిరానికి" అని వ్రాసేవారికి పూర్వం ఒక ఆటంకం ఉండేది. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మరణానికి కనీసం 12 నెలల ముందు వీలునామా వ్రాసి, 6 నెలల్లోగా దాన్ని చట్టం చెప్పినచోట దాఖలు చేయకపోతే దేవుని పనికి, ధర్మకార్యానికి ఇచ్చినది చెల్లేది కాదు. 118వ సెక్షన్‌లోని ఈ నిబంధనను 2003లో జాన్ వల్లమట్టం కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇప్పుడు ఆ ఆటంకం లేదు. అయినా భార్యాబిడ్డలకు చాలినంత ఉంచి, వారికి తెలియజేసి ఇవ్వండి. విధవరాలి కన్నీటితో కట్టిన ప్రహరీ మందిరానికి అందం కాదు.

వ్రాసేటప్పుడు గుర్తుంచుకోవలసినవి

1. వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆస్తి పొందేవారు గాని వారి భర్త లేక భార్య గాని సాక్షిగా ఉండకూడదు. క్రైస్తవుల విషయంలో అలా సాక్షి సంతకం చేస్తే, వీలునామా నిలిచినా వారికి వ్రాసిన భాగం పోతుంది. అల్లుడు సాక్షి అయితే కూతురి భాగం పోయినట్టే.

2. పెండ్లికి ముందు వ్రాసిన వీలునామా పెండ్లితో రద్దవుతుంది. భార్య పోయి రెండవ వివాహం చేసుకున్నవారు మళ్ళీ వ్రాసుకోవాలి.

3. 'నా భార్యకు సర్వహక్కులతో' అని వ్రాసి, క్రింద 'ఆమె తదనంతరం పిల్లలకు' అని వ్రాయవద్దు. ముందు పూర్తిగా ఇచ్చిన దాన్ని తరువాతి వాక్యం తిరిగి తీసుకోగలదా అన్నదే ఎన్నో దావాలకు మూలం. ఇస్తే పూర్తిగా ఇవ్వండి, లేదా జీవితకాలం అని ముందే చెప్పండి.

4. అత్యవసరానికి అమ్మే అధికారం భార్యకు ఇవ్వదలిస్తే, ఏ అవసరానికి, ఏ భాగం అన్నది వ్రాయండి.

5. తదనంతరం పొందేవారిలో ఎవరైనా ముందు పోతే వారి భాగం ఎవరికన్నది తప్పక వ్రాయండి.

ఈ విధంగా వ్రాయించవచ్చు:

"నా తదనంతరం ఈ షెడ్యూలు ఆస్తిని నా భార్య తన జీవితకాలమంతయు అనుభవించుచు, ఫలసాయము తీసికొనుచు, పన్నులు చెల్లించుచు ఉండవలెను. తన వైద్యము నిమిత్తము తప్ప దీనిని అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు ఆమెకు హక్కు లేదు. ఆమె తదనంతరము ఈ ఆస్తి నా ముగ్గురు పిల్లలకు సమాన భాగములుగా సర్వహక్కులతో చెందవలెను. ఈ హక్కు నేను మరణించిన దినముననే వారికి సంక్రమించును. వారిలో ఎవరైనను నా భార్యకంటె ముందుగా మరణించిన యెడల వారి భాగము వారి భార్యకు లేక భర్తకు, పిల్లలకు చెందవలెను."

పిల్లల పేర్లు, సర్వే నెంబర్లు, హద్దులు స్పష్టంగా వేయించండి. మీ కుటుంబ పరిస్థితిని బట్టి ఒక వకీలుకు చూపించి సరిచేయించండి. వ్రాసినదాన్ని రిజిస్టరు చేయించవచ్చు, లేదా సీలు చేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద ఉంచవచ్చు.

లూకా 12వ అధ్యాయంలో ఒకడు తన సహోదరునితో పిత్రార్జితం పంచిపెట్టమని చెప్పుమని ప్రభువును అడిగాడు. ప్రభువు తనను పంపకందారునిగా ఎవరు నియమించారని అడిగి, లోభమును గూర్చి హెచ్చరించాడు. ఆ పంపకం పని ఆయన మనకు, అంటే ఇంటి పెద్దలకు విడిచిపెట్టాడు. వీలునామా ముందు వేసుకుని కూర్చున్నప్పుడు ఇంట్లో అందరికంటే బలహీనులెవరో వారిని తలచుకోండి. సాధారణంగా వారు ఇద్దరు: వృద్ధురాలైన తల్లి, చిన్న వయసులో భర్త పోయిన కోడలు. వ్రాసిన కాగితం చదివినప్పుడు ఆ ఇద్దరికీ నిలువ నీడ ఉందని తేలితే, మిగతావారు ఎలాగైనా బ్రతకగలరు. ఇంటి పెద్దలందరికీ ప్రభువు ఆ వివేకమును అనుగ్రహించును గాక.